మాంజాతో కట్టిన ఇంజను

ఇంజను వణుకును చేత్తో పట్టుకుంటే సగమే తెలుస్తుంది. పళ్లతో పట్టుకోవాలి. సన్నటి వెదురు పుల్ల ఒక కొసను ఇంజను కింది చెక్కకు ఆనించి, రెండో కొసను ముందుపళ్ల మధ్య కరుచుకుంటే, ఏ మర వదులైందో, పంకా ఏ రెక్క బరువెక్కువో దవడలోకి వచ్చి చెబుతుంది. ఈ విద్య నాకెవరూ నేర్పలేదు. మా ఆయన కొట్టిన దెబ్బకు ఎడమ చెవి పోయాక నాకు నేనే కనిపెట్టుకున్నాను.

మా తమ్ముడి మనవడు ఇప్పుడు రేడియోతో నడిచే బొమ్మ విమానాలు ఎగరేస్తాడు. మొన్న వాడి విమానం గాల్లో ఉండగానే చెప్పినమాట వినడం మానేసి ప్రహరీకి గుద్దుకుంది. రేడియో పాడైందని వాడు మొహం వేలాడేసుకొచ్చాడు. నేను ఆ ముక్కలు తిరగేసి చూసి, "రేడియోకేం రోగంరా, నీ ఇంజనే దాన్ని కుదిపి కుదిపి చంపింది. కింద రబ్బరు ఏదీ?" అన్నాను. వాడు నోరు తెరిచాడు. అప్పడాలు ఒత్తే ముసలిదానికి ఇదెలా తెలుసునని అడిగాడు. చెప్పలేదు. పిల్లవాడికి చెప్పే కథ కాదు. ఇక్కడ చెబుతాను.

మాది పట్నంలో మూసీ వంతెన పురానాపూల్ దగ్గర పతంగులు, మాంజా చేసే ఇల్లు. వాకిట్లో రెండు వరసల గుంజలు పాతి, వాటి మధ్య దారం సాగదీసి, అన్నం గంజిలో గాజుపొడి కలిపిన ముద్దను గుప్పిట్లో పట్టుకొని, దారం వెంట పైకీ కిందికీ నడవడమే మా బతుకు. గాజుపొడి రోట్లో దంచేది అమ్మ, ముద్ద పట్టించేది నేనూ బాపూ. వేళ్లకు గుడ్డ చుట్టుకున్నా కోసేది. "నెత్తురు తాగని మాంజా పేంచ్‌ల నిలవదు బిడ్డా" అనేవాడు బాపు. పేంచ్ అంటే దారంతో దారాన్ని కోసే పతంగుల పోటీ. నా నెత్తురు తాగిన మాంజాతో ఈ పట్నంలో ఎన్ని పతంగులు తెగాయో, ఆ పతంగుల కోసం మిద్దెల మీద ఎంతమంది తలలు పగలగొట్టుకున్నారో లెక్కలేదు. చలికాలం వచ్చిందంటే మా గల్లీలో ఎవరో ఒకరి నెత్తికి కట్టు ఉండాల్సిందే. మా ఇంట్లో కూడా మాట కన్నా ముందు చెయ్యే లేచేది. బాపు సాధువేం కాదు. నేనూ కాదు. చిన్నప్పుడు తమ్ముడి చెంప కొరికి, ఆ మచ్చ వాడి పెళ్లినాటికి కూడా పోకుండా చేసినదాన్ని.

నన్ను అఫ్జల్‌గంజ్‌లో ఒక మోటారు షెడ్డులో పనిచేసేవాడికి ఇచ్చారు. మనిషి పనిమంతుడు. చచ్చిన ఇంజనును ఒళ్లో పెట్టుకొని లేపేవాడు. ఆ లేపే చెయ్యే ఇంట్లో నా మీద కూడా లేచేది. నేను ఊరుకునేదాన్ని కాదు. గిన్నె దొరికితే గిన్నె, పొయ్యికట్టె దొరికితే పొయ్యికట్టె. అయితే నా దెబ్బ వాడికి వారంలో మానేది. వాడిది నాకు మానలేదు. ఒకరోజు తన దోస్తుల ముందు ఏదో రిపేరు చేస్తూ పాన అందించమన్నాడు. ఒకటి బదులు ఇంకొకటి ఇచ్చాను. "గిదా అడిగింది?" అన్నాడు. "రెండూ ఇనుమే కదా" అని నవ్వాను. దోస్తులు కూడా నవ్వారు. అంతే, ఎడమ చెవి మీద పడింది. నెత్తురు మెడ మీదికి కారింది. ఆ తర్వాత ఆ చెవికి కుండలో ఊదినట్టు ఒక్క హోరు తప్ప ఇంకేదీ వినపడలేదు.

కట్టుబట్టలతో పురానాపూల్‌కు నడిచి వచ్చేశాను. బాపు రోకలి తీసుకొని అఫ్జల్‌గంజ్ పోయాడు. అల్లుడు దొరకలేదు. వాడి సైకిల్ దొరికింది. దాన్ని ముద్ద చేసి, ట్యూబు పీక్కొని వచ్చి, "సగం కోపం దిగింది" అని చద్దన్నం తిన్నాడు.

కొన్నాళ్లకు పెద్దమనుషులను వెంటబెట్టుకొని మా ఆయన వచ్చాడు. తల దించుకొని మా గడపలో కూర్చున్నాడు.

"మామా, తప్పయింది. పంపు," అన్నాడు.

"ఒక చెవి తిన్నవ్. రెండోది తినవని ఏంది భరోసా?" అన్నాడు బాపు.

అమ్మ నా కుడి పక్కకు వచ్చి, వాడికి వినపడకుండా, "ఒక్కటన్న మిగిలింది బిడ్డా. అది గిట్ల పోతే నువ్వు బతికుండి కూడ మాతోని మాట్లాడలేవు. సోంచాయించి చెప్పు," అంది. ఆ మాటకు నా ఒళ్లు చల్లబడింది. కోపం తప్ప భయం ఎరగనిదాన్ని, ఆ రోజు మొదటిసారి నా కుడి చెవిని చేత్తో మూసుకొని చూసుకున్నాను. ఎదురుగా అమ్మ పెదవులు కదులుతున్నాయి. హోరు తప్ప ఏమీ లేదు.

లేచి వాడి ముందుకు వచ్చి నిలబడ్డాను. "నీకు కోపమొచ్చినప్పుడు నీ చెయ్యి లేవకుంట ఉన్నది నా కండ్లతోని చూడాలె. గా దినం చూస్తే గా దినమే వస్త. అప్పటిదాంక రాను," అన్నాను. వాడు సరేనన్నాడు.

ఆ తర్వాతి శుక్రవారం షెడ్డు సెలవు కాబట్టి వాడు మళ్లీ వచ్చాడు. ఈసారి చేతిలో పాత తువ్వాలు మూట. విప్పితే గుప్పెడంత ఇంజను. ఒకే సిలిండరు, దాని నెత్తిన వేలెడు ప్లగ్గు, ముందు చెక్క పంకా. జుమ్మేరాత్ బజార్‌లో పాత ఇనుము మధ్య దొరికిందన్నాడు. జర్మనీతో లడాయి అయిపోయి సీమకు వెళ్లిపోయే తెల్ల సిపాయి ఎవడో అమ్ముకున్న బొమ్మ విమానం ఇంజనట. పెట్రోలుతో నడుస్తుందట. వాడి షెడ్డుకు మోటార్లు తెచ్చే నవాబు సాహెబు ఒకాయన, ఆ ఇంజనుతో విమానం కట్టి ఎగరేసి చూపిస్తే తన దేవిడీ బంగళాలో మోటార్ల పని ఇస్తానని, ఉండడానికి గది కూడా ఇస్తానని అన్నాడట.

"గది మనదే. మా అమ్మ ఉండది, ఎవలుండరు. నువ్వు, నేను," అన్నాడు నా కుడి పక్కకు వచ్చి. ఏ చెవి పోయిందో వాడికి బాగానే గుర్తుంది.

ఇంజను సంగతి వాడికి తెలుసు. వెదురు చీల్చడం, కాగితం అతికించడం మాకు తెలుసు. కాబట్టి విమానం మా వాకిట్లోనే తయారైంది. బాపు మొదట మొహం తిప్పుకున్నాడు. వాడు రెక్కకు కమాను పుల్లను వంచడం చూసి ఓర్చుకోలేక, "అట్ల వంచితే పటుక్కుమంటది నీయవ్వ, ఇటియ్యి" అని గుంజుకొని కూర్చున్నాడు. రెక్కలు మూరెడు మూరెడు వచ్చాయి. పెట్రోలుకు డబ్బా లేకపోతే అమ్మ అత్తరు సీసా ఇచ్చింది. రేడియో గీడియో మాకెక్కడిది, దారమే మా రేడియో. తోకలో కదిలే రేకుకు రెండు దారాలు కట్టి, నడుమ నిలబడి పతంగిని ఆడించినట్టు ఆడించాలి. ఒక దారం లాగితే ముక్కు పైకి, ఇంకోటి లాగితే కిందికి. విమానం మన చుట్టూ తిరుగుతుంది.

తిరగడానికి ముందు అది మమ్మల్ని ఏడిపించింది. వాడు వేలితో పంకాను కొడితే ఇంజను ఒక్క అరుపు అరిచి లేచేది. లేవగానే విమానమంతా చలిజ్వరం వచ్చినట్టు వణికేది. మరలు వాటంతటవే ఊడి వాకిట్లో పడేవి. సెల్లుల నుంచి ప్లగ్గుకు పోయే తీగలు పుటుక్కుమని తెగేవి. అత్తరు సీసాలో పెట్రోలు నురుగు కట్టి, ఇంజనుకు అందక దగ్గి దగ్గి ఆగేది. తోక రేకు టపటపా కొట్టుకుంటుంటే దారం ఎటు లాగినా ఒకటే. పంకా వాడి వేళ్లను ఎన్నిసార్లు కొట్టిందో! గోళ్లు నల్లబడ్డాయి. కొట్టినప్పుడల్లా వాడు అమ్మనీ అక్కనీ కలిపి తిట్టి, ఇంజనును బండకేసి కొట్టబోయి, నా వైపు చూసి ఆగేవాడు.

"వణికేదాన్ని బిగించాలె. బిగిస్తే నోర్మూసుకుంటది," అనేవాడు. బిగించాడు. ఎంత బిగించాడంటే మర తలలు చెక్కలోకి దిగబడి చెక్క నిలువునా చీలింది. కొత్త చెక్క వేశాడు. అదీ చీలింది.

అప్పుడు నేనే చెప్పాను. "మర వద్దు. దారం చుట్టి సరేసు జిగురు పూసి ఆరబెడదాం. మా పతంగి కమాను గాలికి వంగుతది గని కట్టు ఊడుతదా ఏనాడన్న?" మా ఇంట్లో ఏ రెండు పుల్లలు కలిపినా అదే పద్ధతి. వాడు దారం చిన్నచూపు చూశాడు. నాకు ఉడుకెత్తింది. "మామూలు దారం కాదు. మాంజాతోని కడ్తం. మూడుసార్లు ముద్ద పట్టించిన లడాయి మాంజా. ఈ పురానాపూల్ కాడ దానికన్న గట్టిది చూపెట్టు!" అన్నాను. బాపుకు మీసం లేచింది. లోపలికి పోయి, తన చరక్‌కు చుట్టి దాచుకున్న మాంజా తెచ్చి నా చేతిలో పెట్టాడు. అమ్మ కూడా భేష్ అంది. మా ఇంటి మాంజాకు మించిన బలం లోకంలో ఇంకోటి ఉందని మాలో ఎవరికీ తోచలేదు.

నేనే చుట్టాను. వేళ్లు తెగాయి, చుట్టాను. ఇంజను నడుం చుట్టూ, కింది చెక్క చుట్టూ, అడ్డంగా, నిలువుగా, వేలు దూరే సందు లేకుండా. సరేసు పూసి ఎండలో పెట్టాం. ఆరాక వాడు రెండు చేతులతో పీకి చూశాడు. కదల్లేదు. "షాబాష్," అన్నాడు. పెళ్లయ్యాక వాడి నోట ఆ మాట వినడం అదే మొదలు.

విమానం తోకను బాపు రెండు కాళ్ల మధ్య ఇరికించి పట్టుకున్నాడు. నేను పక్కన కూర్చొని, కింది చెక్కకు పుల్ల ఆనించి పళ్లతో కరుచుకున్నాను. వాడు పంకా కొట్టాడు. ఇంజను లేచింది. నిజంగానే తొలుత బాగుంది. మర ఊడేది లేదు, తీగ తెగేది లేదు. అమ్మ రోకలి ఆపి చూస్తున్నది. గల్లీ వాళ్లు గోడెక్కారు. వాడు పెట్రోలు పెంచి ఇంజనును పూర్తి గొంతుతో అరిపించాడు. అప్పుడు నా దవడలోకి కొత్తగా ఒకటి వచ్చింది. వణుకు కాదు. రంపం కోతలాగా కరకరా, కరకరా. పుల్ల ఉమ్మేసి "బంద్ చెయ్!" అని అరిచాను. ఆ గోలలో ఎవరికీ వినపడలేదు.

ఇంజను ఊడింది. పంకా తిరుగుతూనే లేచి వాడి చెంప మీద ఒక్కటి వేసి, అక్కడి నుంచి గుంజల వైపు దూకి, సాగదీసి ఉన్న పచ్చి మాంజా వరసనంతా తనకు చుట్టుకొని, గాజుపొడి ముద్ద కుండను పగలగొట్టి, దాని పక్కన గింజలు ఏరుకుంటున్న అమ్మ కోడిపెట్ట మెడ కోసి, గోడకు కొట్టుకొని చచ్చింది. అంతా ఒక్క తుమ్ము తుమ్మినంత సేపు. కోడి మాత్రం తల వేలాడేసుకొని వాకిలంతా ఒక చుట్టు తిరిగింది.

వాడి చెంప కంటి కింద నుంచి పెదవి దాకా విచ్చుకుంది. లోపలి పళ్లు కనిపించాయి. చొక్కా తడిసిపోతున్నది. వాడు నేల మీద పడివున్న చెక్కను తీసి చూశాడు. నేనూ చూశాను. చెక్కలో మాంజా చుట్లన్నీ లోతుగా గాట్లు పెట్టుకొని దిగాయి, దారం మీద దారం ఒరుసుకొని అదీ తెగింది. మాంజా పుట్టిందే కొయ్యడానికి. ఆ సంగతి వేళ్ల మీద వెయ్యి గాట్లున్న మాకు తోచలేదంటే మా గర్వం ఎంతదో చూడండి! వణుకు దాన్ని రంపంలా లాగుతూ ఉంటే అది తన పని తాను చేసింది.

"ఎవరు కట్టమన్నరే?" అన్నాడు వాడు. చెంపలోంచి గాలి పోతూ మాట సగమే వచ్చింది.

"నేనే," అన్నాను. ఎందుకు దాచాలి? నా మాంజాయే, నా మాటే.

వాడి కుడి చెయ్యి లేచింది. బాపు రోకలి అందుకున్నాడు. నేను కదల్లేదు. అదే కదా నేను చూస్తానన్నది! వాడి మెడ నరాలు తాళ్లలా బిగుసుకున్నాయి, పళ్లు పటపట కొరికాడు. చెయ్యి గాల్లోనే ఆగింది. తర్వాత మెల్లగా తన చెంప మీదికే పోయి, నెత్తురును అదిమి పట్టుకుంది.

అమ్మ ఏడ్చేసింది. "చూసినవా బిడ్డా, మారిండు," అంది నా కుడి చెవిలో. నాకూ ఏడుపొచ్చింది. తనను తాను ఎంత గట్టిగా పట్టుకున్నాడో, నా కోసమే కదా అని లోలోపల మురిసిపోయాను. ఆ సాయంత్రం కోడిని వండుకొని అందరం తిన్నాం. వాడు మాత్రం కుట్లు వేసిన చెంపతో నమలలేక గిన్నెడు రసం తాగాడు.

నేను ఆ రోజే వాడితో వెళ్లిపోయేదాన్ని. విమానం లేనిదే గది లేదు, అత్త ఇంటికి మళ్లీ తీసుకుపోనని వాడే అన్నాడు. సరే, విమానం అయ్యాకే అనుకున్నాం.

ఇక కట్టడం సంగతి మరిచిపోయి, అసలు ఎందుకు వణుకుతున్నదో చూశాను. పంకా నడిమి బెజ్జంలో సూది దూర్చి రెండు గాజు పెంకుల అంచుల మీద పెడితే, ఒక రెక్క ఎప్పుడూ కిందికే తిరిగి ఆగింది. పతంగి కమాను ఒక పక్కకు వాలితే మేం గాజుపెంకుతో బరువు వైపు గీకుతాం. అలాగే గీకాను. పొట్టు దులిపి మళ్లీ పెట్టాను. మళ్లీ గీకాను. చివరికి ఎటు తిప్పి వదిలితే అటే నిలబడింది. బాపు పగలగొట్టిన సైకిల్ ట్యూబు మూలన పడి ఉంటే, దాన్ని ముక్కలు కోసి, ఇంజను కాళ్ల కింద ఒకటి, మర తల కింద ఒకటి వేసి, రబ్బరు కాస్త నొక్కుకునేంత వరకే మర తిప్పి వదిలేశాను. అత్తరు సీసా కింద కూడా ఒక ముక్క.

"ఇంజనుకు పరుపు పరుస్తున్నవా? అట్లనే జోల గిట్ల పాడు," అని వెక్కిరించాడు వాడు. "వదులు పెడితే ఊడుతది."

"పళ్లతోని చూడు," అని పుల్ల వాడి నోటికి ఇచ్చాను.

ఇంజను లేపి, చెక్కకు రెండు పక్కలా ఇద్దరం చెరో పుల్ల కరుచుకొని వంగాం. మునుపు దవడను ఊడబెరికే వణుకు ఇప్పుడు తుమ్మెద గోలంత అయింది. సీసాలో పెట్రోలు నిలకడగా ఉంది. మర కదల్లేదు. కుట్లు పడ్డ చెంపతో, నోట్లో పుల్లతో వాడు నా వైపు చూసి కళ్లతో నవ్వాడు. వాడి మొహం అంత దగ్గరగా భయం లేకుండా చూడడం నాకదే. ఆ మనిషితో ఆ గదిలో ఉండాలని నాకు నిజంగా అనిపించింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, మస్తు అనిపించింది.

తర్వాతి శుక్రవారం పురానాపూల్ కింద మూసీ ఇసుకలో ఎగరేశాం. నవాబు సాహెబు మనుషులతో వచ్చాడు. పూల్ మీద జనం టాంగాలు ఆపుకొని చూస్తున్నారు. అమ్మ నా బట్టలు అప్పుడే మూట కట్టి ఇంట్లో పెట్టింది. నేను విమానాన్ని పట్టుకున్నాను, వాడు పంకా కొట్టి ఇంజను లేపి, ఉరికిపోయి దారాలు అందుకున్నాడు. వదిలాను. ఇసుక మీద జరజరా పాకి లేచింది. వాడి చుట్టూ తిరుగుతూ, ముక్కు ఎత్తమంటే ఎత్తి, దించమంటే దించి, అచ్చం మాట విన్నది. జనం పతంగి తెగినప్పుడు అరిచినట్టు "అఫా!" అని అరిచారు. తెగింది ఏదీ లేదు. బాపు చిన్నపిల్లవాడిలా దాని వెంట ఉరికాడు. పెట్రోలు అయిపోయాక ఇంజను ఆగి, విమానం మెత్తగా ఇసుకలోకి దిగింది. నేను పోయి ఎత్తుకొచ్చాను. ఇంజను ఇంకా కాలిపోతున్నది.

నవాబు సాహెబు దగ్గరికి వచ్చి వంగి చూశాడు. చేతికర్ర కొసతో రబ్బరు ముక్కను తాకి, "యే అక్కల్ కిస్కీ హై?" అన్నాడు. ఈ తెలివి ఎవరిదని.

మా ఆయన నోరు తెరిచేలోగా బాపు అందుకున్నాడు. "నా బిడ్డది సర్కార్. పంకా గీకింది, రబ్బరు ఏసింది, అంత ఆమెనే."

నవాబు సాహెబు పకపకా నవ్వి, "అయితే మోటార్లకు నీ బిడ్డను పెట్టుకుంట. నీ అల్లుడు మీ ఇంట్ల మాంజా పట్టని," అన్నాడు. వెంట ఉన్నవాళ్లంతా నవ్వారు. బాపు నవ్వాడు. ఆ మాటకు, ఆ ఎండకు, ఆ సంతోషానికి నేనూ నవ్వాను.

నవ్వుతూనే చూశాను. వాడి చెంప మీద మానని గీత అదిరింది. మెడ నరాలు ఈసారి బిగుసుకోలేదు. అందరం వాడు ఓడిపోయినప్పుడు ఏం చేస్తాడో కాచుకున్నాం. గెలిచినప్పుడు ఏం చేస్తాడో ఎవరం కాచుకోలేదు. చెయ్యి నేరుగా నా కుడి చెవి మీదికి వచ్చింది.

నా రెండు చేతుల్లోనూ విమానం ఉంది. దాన్నే మొహానికి అడ్డం పెట్టాను. వాడి బలమంతా దాని మీద పడింది. ఒక రెక్క ఫట్‌మని విరిగిపోయింది, వెదురు పుల్లలు నా నుదుట దిగాయి. వాడి అరచెయ్యి కాలుతున్న ఇంజను మీద పడి చర్‌మంది. మాంసం కాలిన వాసన వచ్చింది. వాడు చెయ్యి పట్టుకొని ఇసుకలో కూలబడ్డాడు.

నవాబు సాహెబు ఒక్క క్షణం చూసి, ఉమ్మేసి, "చలో," అన్నాడు. మనుషులంతా ఆయన వెనకే వెళ్లిపోయారు. బాపు ఒక బండరాయి ఎత్తుకొని వచ్చాడు. "కింద పడెయ్ బాపూ," అన్నాను. నా గొంతు నాకు వినపడింది. పూల్ మీద టాంగా గంట వినపడింది. మూసీ నీళ్లలో చాకివాళ్లు బట్టలు ఉతికే చప్పుడు వినపడింది. ఆ చప్పుళ్లు వింటూ కాసేపు అలాగే నిలబడ్డాను. నుదుటి నుంచి కంట్లోకి కారే నెత్తురు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

వాడు కాలిన చెయ్యిని ఒళ్లో పెట్టుకొని, రెండో చేత్తో కాగితం ముక్కలు ఏరుతూ ఏడుస్తున్నాడు. తలెత్తి నన్ను చూసి, "నా ఇమానం ఇరగ్గొట్టినవ్ కదనే," అన్నాడు.

నాకు వాడి మీద జాలి కలిగింది. కలగలేదని అబద్ధమాడను. నా చేతుల్లో మిగిలిన దాన్ని వాడి ముందు ఇసుకలో పెట్టాను. రెక్కలు పోయినా ఇంజను తన చెక్క మీద అలాగే ఉంది, రబ్బరు జరగలేదు, మర ఊడలేదు. వాడు దాన్ని చూశాడో లేదో నాకు తెలియదు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ మూటతో గడపలో నిలబడి ఉంది. నా నుదురు చూసింది. ఎడమ పక్క నుంచి ఏదో అడిగింది. ఆ పక్క హోరు తప్ప ఏమీ లేదు. కుడి చెవి తిప్పి, "మళ్ల చెప్పమ్మా," అన్నాను.

"పోతవా బిడ్డా అని అడిగిన."

"పోను," అన్నాను. మూట తీసుకొని లోపల పెట్టి, వేళ్లకు గుడ్డ చుట్టుకొని, గుంజల దగ్గరికి పోయాను. పొద్దున పట్టించిన ముద్ద ఎండి ఉంది. రెండో పూత మిగిలే ఉంది.